దగ్గరికి వెళ్ళగలిగితే ఒక కెమెరా, వెళ్ళలేకపోతే ఇంకొకటి

"ఫుల్ ఫ్రేమ్ అయితే చీకట్లో బాగా వస్తుంది, క్రాప్ సెన్సర్ అయితే రీచ్ ఎక్కువ." కెమెరా కొనబోయే వాళ్ళందరి చెవినా ఈ రెండు మాటలూ పడే ఉంటాయి. సెన్సర్ అంటే లెన్స్ వేసిన బొమ్మను పట్టుకునే పలక. అది పెద్దదైతే ఫుల్ ఫ్రేమ్, చిన్నదైతే క్రాప్. రీచ్ అంటే దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపడం. రెండూ నిజమే, కాకపోతే సగం సగం నిజాలు. మొదటి మాట ఎక్కడిదాకా నిజమో తెలియక పక్షుల కోసమని లక్షలు పోసి ఫుల్ ఫ్రేమ్ కొని, ఇంటికొచ్చాక ఫొటోలో పిట్టెక్కడుందా అని వెతుక్కునేవాళ్ళున్నారు. రెండో మాట పట్టుకుని క్రాప్ బాడీ (లెన్స్ కాకుండా కెమెరా ఒక్కటీ) కొని, ఆనక పెళ్ళి ఆర్డర్ ఒప్పుకుని, ఇరుకు మండపంలో వీపు గోడకి ఆనించి నిలబడ్డా గ్రూప్ మొత్తం ఫ్రేమ్‌లో పట్టక తిప్పలు పడేవాళ్ళూ ఉన్నారు.

ఈ చిక్కుముడి విప్పడానికి కానన్ వాళ్ళ రెండు మిర్రర్‌లెస్ బాడీలు బాగా పనికొస్తాయి. ఒకటి 2022 మే నెలలో వచ్చిన ఆర్7, ఇది క్రాప్. రెండోది అదే ఏడాది నవంబరులో వచ్చిన ఆర్6 మార్క్ 2, ఇది ఫుల్ ఫ్రేమ్ (కింద ఉత్త ఆర్6 అన్నా ఇదే). కంపెనీ ఒకటే, లెన్స్ మౌంట్ ఒకటే, బ్యాటరీ ఒకటే, లోపలున్న డిజిక్ ఎక్స్ ప్రాసెసర్ కూడా ఒకటే. రెండిట్లోనూ రెండేసి ఎస్‌డీ కార్డులు పడతాయి, చేతి వణుకును సర్దే ఏర్పాటు బాడీలోనే ఉంది. పిట్ట కన్నునీ పెళ్ళికూతురి కన్నునీ వెతికి పట్టుకునే ఆటోఫోకస్ రెండిటికీ ఉంది. బరువులో తేడా కూడా 58 గ్రాములే: బ్యాటరీ, కార్డు వేశాక ఆర్7 612 గ్రాములు, ఆర్6 మార్క్ 2 670. ఇన్ని కలిశాయి కాబట్టి మిగిలిన తేడా ఎక్కడుందో చూడటం తేలిక. ఆ తేడా సెన్సర్‌లో ఉంది.

ఆర్6 మార్క్ 2 సెన్సర్ దాదాపు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. అందులో 24.2 మెగాపిక్సెల్స్. ఆర్7 సెన్సర్ 22.3 మి.మీ. వెడల్పు, 14.8 మి.మీ. ఎత్తు. ఆ చిన్న జాగాలో 32.5 మెగాపిక్సెల్స్ ఇరికించారు. అంటే విస్తీర్ణంలో మొదటిది రెండున్నర రెట్లు పెద్దది, పిక్సెల్ సాంద్రతలో రెండోది మూడు రెట్లకు పైగా ఎక్కువ. స్పెసిఫికేషన్ల పట్టికలో 24, 32 అంకెలు పక్కపక్కన చూసి "ఎనిమిదే కదా తేడా" అనుకుంటాం. అసలు లెక్క అది కాదు.

ఒక లకుముకి పిట్టతో చూద్దాం. పొడవు సుమారు 16 సెంటీమీటర్లు. చెరువు గట్టున మీరు, 20 మీటర్ల దూరంలో తూటికొమ్మ మీద అది. మీ దగ్గర 500 మి.మీ. లెన్స్ ఉంది. ఆ లెన్స్ ఆ పిట్ట బొమ్మను సెన్సర్ మీద 4 మి.మీ. పొడవున పడేస్తుంది. ఇక్కడ ఆగి ఒక్క విషయం పట్టుకోవాలి: ఆ 4 మి.మీ. అనేది లెన్స్‌కీ దూరానికీ సంబంధించిన సంగతి, సెన్సర్‌కి దాంతో పనిలేదు. వెనకాల ఆర్7 పెట్టినా అంతే, ఆర్6 పెట్టినా అంతే. కిటికీ ఎంత పెద్దది పెట్టించినా ఎదురుగా ఉన్న చెట్టు పెద్దదవదు కదా.

తేడా ఆ 4 మి.మీ. మీద ఎన్ని పిక్సెల్స్ పరిచారన్న దాంట్లో ఉంది. ఆర్7లో ఒక్కో పిక్సెల్ 3.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), కాబట్టి పిట్ట ముక్కు నుంచి తోకదాకా 1,250 పిక్సెల్స్ వస్తాయి. ఆర్6 మార్క్ 2లో పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు, కాబట్టి వచ్చేవి 670. మెడ మీది ఈకల గీతలు విడివిడిగా కనిపిస్తాయా, నీలంరంగు ముద్దలా కనిపిస్తాయా అన్నది చాలావరకు ఈ రెండు అంకెల మధ్యే తేలుతుంది. ఆర్6ని 1.6 క్రాప్ మోడ్‌లో, అంటే సెన్సర్ మధ్య భాగాన్నే వాడేలా పెట్టి "ఇప్పుడు రెండూ సమానమే" అనేవాళ్ళుంటారు. అలా పెడితే మిగిలేవి 9 మెగాపిక్సెల్స్ చిల్లర.

మరి "చీకట్లో ఫుల్ ఫ్రేమ్ బాగా వస్తుంది" అన్న మాట ఏమైంది? పెద్ద సెన్సర్ ఎక్కువ వెలుగు పట్టుకుంటుందన్నది వాస్తవమే. అయితే ఆ అదనపు వెలుగు సెన్సర్ అదనపు విస్తీర్ణం మీద పడినది. మన పిట్ట మధ్యలో 4 మి.మీ. జాగాలో ఉంది. చుట్టూ పడ్డ వెలుగు నీళ్ళది, తూటాకులది. ఇంటికొచ్చి ఆ చుట్టూ ఉన్నదంతా కత్తిరించి పారేస్తాం, దాంతోపాటే ఫుల్ ఫ్రేమ్‌కి ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వెలుగునీ. మిగిలిన పిట్ట ముక్కలో రెండు కెమెరాలూ పట్టుకున్న వెలుగు దాదాపు సమానం, నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) కూడా దాదాపు సమానం. కంప్యూటర్లో 100 శాతానికి జూమ్ చేసి చూస్తే ఆర్7 ఫైలు గరుగ్గా కనిపిస్తుంది. రెండిట్లోనూ పిట్టను ఒకే సైజులో పెట్టి చూస్తే ఆ గరుకు చాలావరకు సర్దుకుంటుంది.

ఇంత చెప్పాక ఆర్7ని ఆకాశానికెత్తకూడదు. 1,250కి 670కి దాదాపు రెట్టింపు తేడా ఉన్నా వివరం రెట్టింపు రాదు. కానన్ 100-500 లెన్స్ 500 దగ్గర ఎఫ్/7.1కి మించి తెరుచుకోదు (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ లెన్స్ ద్వారం చిన్నదవుతుంది). అంత చిన్న ద్వారంలోంచి వచ్చిన వెలుగు కొంచెం చెదురుతుంది. ఒక చుక్క వెలుగు సెన్సర్ మీద తొమ్మిదిన్నర మైక్రాన్ల మరకలా పడుతుంది, అంటే ఆర్7లో మూడు పిక్సెల్స్ వెడల్పు. దానికి తోడు మన ఎండలు. ఏప్రిల్‌లో పొద్దున పదిన్నర దాటాక పులికాట్ నీళ్ళ మీదుగా దూరాన ఉన్న ఫ్లెమింగోలను తీస్తే, నేల మీది వేడిగాలి అలలకి అంచులన్నీ కరిగిపోతాయి. ఆ కరిగిన అంచును 32 మెగాపిక్సెల్స్‌తో మరింత స్పష్టంగా కరిగినట్టు చూపించడం తప్ప ఆర్7 చేయగలిగిందేమీ లేదు. పొద్దున్నే లేవడానికి బదులుగా కొనుక్కోగల కెమెరా ఇంకా రాలేదు.

పక్షులన్నీ దూరంగా ఉంటాయని కూడా కాదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్ళు కట్టుకునేది ఊరి నడుమ. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవెక్కితే గూడబాతులు ఎంత దగ్గరగా వస్తాయంటే, 500 మి.మీ. లెన్స్‌కి రెక్కలు ఫ్రేమ్‌లో పట్టవు. అది చిన్న పిట్ట కూడా కాదు, మీటరు మీద ఉండే పక్షి. అక్కడ మీరు ఫ్రేమ్ నింపగలరు. ఫ్రేమ్ నింపగలిగిన మరుక్షణం లెక్క తిరగబడుతుంది: కత్తిరించేది లేదు కాబట్టి పెద్ద సెన్సర్ పట్టిన వెలుగంతా ఫొటోలోనే ఉంటుంది. పొద్దుగూకే వేళ గూళ్ళకి చేరుతున్న గూడబాతులకి ఆర్6 మార్క్ 2 హాయిగా పనిచేస్తుంది. అదే నల్లమలలోనో మారేడుమిల్లిలోనో చెట్టు చివర అరచేతిలో పట్టేంత పిట్ట అయితే ఆర్7.

కాబట్టి "పక్షులకి ఏది, పెళ్ళిళ్ళకి ఏది" అని అడగడం కంటే, మీరు తీసేదాంతో ఫ్రేమ్ నింపగలరా లేదా అని అడుక్కోవడం సరైన దారి. నింపగలిగితే పెద్ద సెన్సర్, నింపలేకపోతే సాంద్రత ఎక్కువున్న సెన్సర్.

ఇక వేగం. పెట్టె మీద ఆర్7కి సెకనుకి 30 ఫ్రేములు, ఆర్6 మార్క్ 2కి 40 అని ఉంటుంది. రెండూ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వచ్చే అంకెలు. ఎలక్ట్రానిక్ షట్టర్ అంటే సెన్సర్ మొత్తాన్ని ఒక్కసారే చదవడం కాదు, పై వరస నుంచి కింది వరసదాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ రావడం. అలా చదవడానికి ఆర్7కి సుమారు సెకనులో 30వ వంతు పడుతుంది. ఆర్6 మార్క్ 2కి అందులో దాదాపు సగం చాలు. మీరు షట్టర్ స్పీడ్ 1/4000 పెట్టుకున్నా ఈ చదివే సమయం తగ్గదు. ఒక్కో వరసా 1/4000 సెకనే వెలుగు చూస్తుంది నిజమే, కానీ పై వరస చూసిన క్షణం వేరు, కింది వరస చూసిన క్షణం వేరు.

గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలు కొట్టే నలుపు తెలుపు లకుముకిని ఆర్7 ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. రెక్క మొదలు ఒకచోట, కొస ఇంకోచోట ఉండి, రబ్బరు రెక్కలా వంకర తిరుగుతుంది. ఎగిరే పక్షితోపాటు కెమెరాని పక్కకి తిప్పితే వెనక కరెంటు స్తంభాలన్నీ ఒకవైపుకి ఒరుగుతాయి. అందుకే ఆర్7 వాడేవాళ్ళు ఎగిరే పక్షులకి తెరలు కదిలే మెకానికల్ షట్టరే వాడతారు. దాంతో సెకనుకి 15 ఫ్రేములు వస్తాయి, నిజానికి అది చాలా వేగం. కాకపోతే చప్పుడెక్కువ, పూర్తి రా ఫైళ్ళు (సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచేవి) అయితే మూడు సెకన్ల పైచిలుకులో బఫర్, అంటే కార్డుకి ఎక్కేలోపు ఫొటోలు ఆగే జాగా, నిండిపోతుంది. కుదించిన సి-రా పెట్టుకుంటే దానికంటే చాలాసేపు ఆడుతుంది, నాణ్యతలో తేడా కంటికి ఆనదు. మెకానికల్‌లో కూడా ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదటి తెర పని సెన్సరే చేసే పద్ధతి) పెట్టుకోవడం మంచిది, తొలి తెర అదురు తప్పుతుంది.

ఆటోఫోకస్ గురించి ఒక మాట. పట్టికలో రెండూ ఒకే కుటుంబం. చేతిలో మాత్రం ఆర్6 మార్క్ 2 నమ్మకంగా ఉంటుంది. ఆర్7తో వరసగా కొడితే పిట్ట కన్ను మీద పెట్టె సరిగ్గానే కనిపిస్తూ ఉండగా, మధ్యలో ఒకటి రెండు ఫ్రేములు మెత్తబడతాయని వాడేవాళ్ళు తరచూ చెప్తారు. పది కొడితే ఎనిమిది బావుంటే పక్షుల వాళ్ళకి పండగే. పెళ్ళిలో మూడోముడి పడ్డ ఫ్రేమ్ ఆ మెత్తబడ్డ రెండింట్లో ఉంటే ఏం చెప్తారు?

పెళ్ళి దగ్గరికొద్దాం. మండపంలో మీరు పెళ్ళికొడుక్కి రెండు మీటర్ల దూరంలో ఉంటారు. పక్కన వీడియో తీసే అతను, అటుపక్క డ్రోన్ అబ్బాయి, మధ్యలో పురోహితుడి భుజం, ఇంతలో తలంబ్రాల పళ్ళెంతో అడ్డొచ్చే మేనత్త. ఇక్కడ దూరం సమస్య కాదు, చోటు సమస్య. 24-70 లెన్స్ ఆర్6 మార్క్ 2 మీద 24-70 లాగే పనిచేస్తుంది. ఆర్7 మీద పెడితే, చిన్న సెన్సర్‌కి బొమ్మ మధ్య భాగమే అందుతుంది కాబట్టి, 1.6 రెట్లు పెరిగి 38-112 అయి కూర్చుంటుంది. అప్పుడు వెడల్పు దొరకదు, వెనక్కి జరుగుదామంటే కుర్చీలు.

జీలకర్ర బెల్లం దగ్గర వీడియో లైట్ల పుణ్యమా అని వెలుగుకి లోటుండదు. అసలు పరీక్ష అప్పగింతలప్పుడు. తెల్లవారుజామున, హాలు బయట, కారు పక్కన, వీడియో అతను లైటు కట్టేసి సామాను సర్దుకుంటుంటే కూతురు నాన్న భుజం మీద వాలి ఏడుస్తుంది. ఆ క్షణంలో ఫ్లాష్ కొట్టడానికి ఎవరికీ చెయ్యిరాదు. ఐఎస్ఓ (తక్కువ వెలుగులో తీయడానికి పెంచుకునే అంకె) 12,800కి వెళ్ళాల్సిందే. అక్కడ మీరు ఇద్దరినీ ఫ్రేమ్ నిండా పట్టారు, కత్తిరించేది లేదు. అదే ఎఫ్ నంబరు దగ్గర ఆర్6 మార్క్ 2 ఇచ్చే 12,800 ఫైలులో ఉండే నాయిస్ ఆర్7లో రావాలంటే ఐఎస్ఓ 5,000 దగ్గరే ఆగాలి. రెండున్నర రెట్ల విస్తీర్ణం తన విలువ చూపించుకునేది ఇక్కడే.

వెనక మసకబారడం కూడా ఇలాంటిదే. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ ఆర్7 మీద 80 మి.మీ. పోర్ట్రెయిట్ లెన్స్‌లా పనిచేస్తుంది. అది బాగానే ఉంటుంది గానీ, వెనక మసక మాత్రం ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/2.9 అంత వస్తుంది. ఆర్6 మీద 85 ఎఫ్/1.8 పెట్టి తీసినట్టు పెళ్ళికూతురు వెనక సీరియల్ బల్బులన్నీ గుండ్రటి ముత్యాల్లా విచ్చుకోవాలంటే ఆర్7కి ఎఫ్/1.1 లెన్స్ కావాలి. అలాంటిది కొనడం కంటే బాడీ మార్చుకోవడం చవక.

24 మెగాపిక్సెల్స్ ఆల్బమ్‌కి చాలవేమోనన్న అనుమానం అక్కర్లేదు. మన ఆల్బమ్ షీటు మామూలుగా 12×36 అంగుళాలు. అందులో ఒక సగం, అంటే 18 అంగుళాల వెడల్పు, ఒకే ఫొటోతో నింపినా అంగుళానికి 333 పిక్సెల్స్ పడతాయి. ల్యాబ్ వాళ్ళు అడిగే 300 దాటిపోయినట్టే.

హాళ్ళలో ఇంకో బెడద ఎల్ఈడీ లైట్లు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే నాసి లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. మన కళ్ళకి తెలియదు, సెన్సర్‌కి తెలుస్తుంది. సెన్సర్ పైనుంచి కిందికి చదువుతుండగా ఆర్7లో ఆ లైటు మూడుసార్లు మినుకుతుంది, అందువల్ల ఫొటోలో అడ్డంగా మూడు నల్ల పట్టీలు. ఆర్6 మార్క్ 2లో ఒకటో రెండో. పట్టీలు ఆర్6లోనూ పడతాయి కాబట్టి, ఏ కెమెరా అయినా మండపంలో మెకానికల్ షట్టరే మేలు. యాంటీ ఫ్లికర్ ఆన్ చేసుకుంటే లైటు నిండుగా ఉన్న క్షణం కోసం కెమెరానే చూసి కొడుతుంది. వేదిక వెనక పెట్టే ఎల్ఈడీ వాల్‌ది వేరే గోల, దానికి షట్టర్ స్పీడ్ తగ్గించి సర్దుకోవడమే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఈ రెండు బాడీల్లోనూ ఫ్లాష్ వెలగదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

వీడియో కూడా మీరే తీస్తారనుకుంటే తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఆర్6 మార్క్ 2 సెన్సర్ పూర్తి వెడల్పుతో, 6కె నుంచి దించిన నిఖార్సైన 4కె వీడియో సెకనుకి 60 ఫ్రేములదాకా ఇస్తుంది. ఆర్7లో 30 ఫ్రేములదాకా చాలా బాగుంటుంది, 60కి వెళ్తే పూర్తి వెడల్పులో బొమ్మ మెత్తబడుతుంది. తలంబ్రాల స్లో మోషన్‌కి ఫుల్ హెచ్‌డీలో ఆర్6 మార్క్ 2కి 180 ఫ్రేములు, ఆర్7కి 120.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడి ధరలు పండగ ఆఫర్లతో వారానికోలా ఉంటాయి కాబట్టి అమెరికాలో విడుదలనాటి ధరలతో లెక్క వేద్దాం. ఆర్7 బాడీ 1,499 డాలర్లు, ఆర్6 మార్క్ 2 బాడీ 2,499. ఆర్7కి 649 డాలర్ల 100-400 లెన్స్ జతచేస్తే 2,148, ఆర్6 బాడీ ధర కంటే తక్కువ. మొత్తం బరువు కిలోంపావు. ఆ సెట్టు పిట్ట మీద పరిచినన్ని పిక్సెల్స్ ఆర్6 మార్క్ 2తో పరచాలంటే దాదాపు 750 మి.మీ. కావాలి. దానికి తగ్గది 2023లో వచ్చిన 200-800 లెన్స్: 1,899 డాలర్లు, రెండు కిలోల పైన. మొత్తం 4,398 డాలర్లు, రెండు కిలోల 720 గ్రాములు. ఖర్చూ బరువూ రెండూ రెట్టింపు దాటాయి.

ఆ రెట్టింపు ఖర్చు ఊరికే పోతుందా అంటే, పోదు. చాలామంది చూడని మలుపు ఇక్కడుంది. పిట్ట నుంచి ఎంత వెలుగు పట్టుకుంటామన్నది లెన్స్ ద్వారం వ్యాసాన్నిబట్టి ఉంటుంది. 400 మి.మీ. ఎఫ్/8 అంటే 50 మి.మీ. ద్వారం. 800 మి.మీ. ఎఫ్/9 అంటే 89 మి.మీ. ఎఫ్ నంబరు చూస్తే రెండోది కొంచెం చీకటి లెన్స్ అనిపిస్తుంది గానీ, పిట్ట నుంచి అది పట్టుకునే వెలుగు మూడు రెట్లు ఎక్కువ. ఆ మూడు రెట్లు సెన్సర్ ఇచ్చింది కాదు, గాజు ఇచ్చింది. అదే గాజును ఆర్7కి తగిలించినా వస్తుంది. అందుకని పక్షుల మీద మనసున్నవాళ్ళు ఆర్7తో మిగిలిన వెయ్యి డాలర్లు లెన్స్ మీద పెట్టడం తెలివైన పని. పెళ్ళిళ్ళ వాళ్ళకి ఇదే సూత్రం ఇంకోవైపు నుంచి వర్తిస్తుంది: కానన్ డీఎస్ఎల్ఆర్‌ల నాటి పాత ఈఎఫ్ లెన్సులు బీరువాలో ఉంటే అడాప్టర్ వేసి ఆర్6 మార్క్ 2 మీద అలాగే వాడుకోవచ్చు, చాలావరకు అప్పటికంటే మెరుగ్గా ఫోకస్ చేస్తాయి. ఆర్7 లాంటి క్రాప్ బాడీల కోసం కానన్ చేసిన ఆర్ఎఫ్-ఎస్ జూమ్‌లు తేలికే గానీ చీకటివి. 2024లో సిగ్మా 18-50 ఎఫ్/2.8 వచ్చాకే ఆ లోటు కొంత తీరింది.

మిగతా రకాల ఫొటోలకి ఇంత ఆలోచన అక్కర్లేదు. పురుగులూ పువ్వులూ తీసేవాళ్ళకి ఆర్7, కారణం లకుముకిదే. ట్రైపాడ్ వేసి కొండలూ గుళ్ళూ తీసేవాళ్ళు ఏదైనా తీసుకోవచ్చు, 32 మెగాపిక్సెల్స్ ఇంకాస్త నయం. పగటిపూట ఊళ్ళో కబడ్డీకి ఆర్7, రాత్రి ఫ్లడ్ లైట్ల కింద అయితే ఆర్6 మార్క్ 2. గర్భగుడి ముందు దీపాల వెలుగులో తీయనిస్తే, అక్కడా రెండోదే.

రెండు పనులూ చేసేవాళ్ళున్నారు, వారమంతా పెళ్ళిళ్ళు, ఆదివారం అమీన్‌పూర్ చెరువు. వాళ్ళు తిండిపెట్టే పనికి సరిపోయే బాడీ ముందు కొనుక్కోవాలి, అంటే ఆర్6 మార్క్ 2. తర్వాత ఎప్పుడో ఆర్7 చేరితే అదే లెన్సులు దానికీ సరిపోతాయి, పెళ్ళిలో రెండో బాడీగా 70-200 తగిలించుకుని హాలు చివర నుంచి క్యాండిడ్‌లు తీయడానికి అది బంగారం. 2025 నవంబరులో ఆర్6 మార్క్ 3 కూడా వచ్చింది. దాని అంకె 32.5 మెగాపిక్సెల్స్, ఆర్7ది కూడా అంతే కదా అనుకోకండి. అవి పెద్ద సెన్సర్ మీద పరిచినవి, 1.6 క్రాప్ చేస్తే 12.7 మిగులుతాయి.

అమెరికాలో ఉన్న తమ్ముడితో తెప్పించుకుందామనుకునేవాళ్ళు వారంటీ కాగితం ముందే చదవాలి, అక్కడ కొన్న బాడీకి ఇక్కడ సర్వీస్ సెంటర్లో వారంటీ వర్తించకపోవచ్చు. సెకండ్ హ్యాండ్ అయితే ఎన్ని షాట్లు కొట్టిందన్న దాంతోపాటు దేనికి వాడారో కూడా అడగండి. సీజన్ అంతా పెళ్ళిళ్ళలో తిరిగిన బాడీకి షట్టర్ అరుగుతుంది. చెరువుల వెంట తిరిగిన బాడీకి దుమ్మూ తేమా తగులుతాయి. సెన్సర్ మీద మచ్చలు చూడటానికి ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, షాపులోనే పెద్దది చేసి చూడండి.